కొత్త వస్తువుకు పాత కళ: యాంటిక్ పేస్టుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.డి.ఎఫ్. (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) పెట్టెలు, నేమ్‌ప్లేట్లు, క్లే విగ్రహాలు, మట్టి కుండీలు, ఫొటో ఫ్రేములు ఇంట్లో తయారుచేసుకునేవారు యాంటిక్ పేస్టు గురించి తరచు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఫలానా కంపెనీ సరుకే కొనమని ఎక్కడా చెప్పలేదు. డబ్బా మీది పేరుకంటే, అందులో ఉన్నది మైనమా, నూనెనా, నీటి రంగా అన్నది తెలుసుకోవడమే ముఖ్యం.

యాంటిక్ పేస్టు అంటే ఏమిటి? మామూలు రంగుకు, దీనికి తేడా ఏమిటి?

రంగును వస్తువు కనబడకుండా కప్పడానికి వేస్తాము. ఈ పేస్టును తుడిచివేయడానికే పూస్తాము. పూసినదానిలో చాలా భాగం గుడ్డతో తిరిగి వచ్చేస్తుంది. చెక్కుడు గీతల్లో, మూలల్లో, కుంచె వదిలిన చారల్లో మిగిలిపోయిన కొద్దిపాటి ముదురు రంగే, ఏళ్ళ తరబడి పేరుకున్న మురికిలాగా, దీపపు మసిలాగా కంటికి తోస్తుంది.

ఇందులో ఉండేవి రెండే: రంగునిచ్చే పొడి, దానిని పట్టి ఉంచే మాధ్యమం. గోధుమ రంగు పేస్టులకు వాడే పొడి సంప్రదాయంగా అంబర్ అనే మట్టి. ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు కలిసిన ఆ మట్టిని ఉన్నది ఉన్నట్టు నూరితే కాస్త పచ్చదనం కలిసిన చల్లని గోధుమ రంగు వస్తుంది. అది రా అంబర్. అదే మట్టిని కాల్చితే ఎర్రదనం పెరిగి బర్న్ట్ అంబర్ అవుతుంది. నలుపు పేస్టులకు మసి, తెలుపు పేస్టులకు టైటానియం తెలుపు వాడతారు.

మైనం పేస్టు, నూనె పేస్టు, నీటి పేస్టు: వీటిలో ఏది కొనాలి?

కొత్తగా మొదలుపెట్టేవారికి మైనం పేస్టు అన్నింటికంటే సౌకర్యం. అది వెంటనే ఆరిపోదు, తప్పు జరిగితే తుడిచివేయవచ్చు, చివరికి మెత్తని మెరుపు దానంతట అదే వస్తుంది. అయితే దాని మీద మరే రంగూ, వార్నిషూ నిలవదు గనుక అది పనిలో ఆఖరి అంకం కావాలి.

నూనె పేస్టు లోతైన రంగునిస్తుంది, తీరిగ్గా పని చేసుకునే వ్యవధీ ఇస్తుంది. కాని ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు, వానాకాలంలో అంతకంటే ఎక్కువ పడుతుంది. దానిని పలచబరచే టర్పెంటైన్ వాసన ఇల్లంతా వ్యాపిస్తుంది. నీటితో పలచబడే ఆక్రిలిక్ పేస్టుకు వాసన ఉండదు, దాని మీద ఏ వార్నిషైనా వేసుకోవచ్చు, పిల్లలున్న ఇంట్లో అదే మేలు. కాని మే నెలలో ఫ్యాను కింద కూర్చుని పూస్తే, గుడ్డ చేతిలోకి తీసుకునేలోపు ఆరిపోతుంది.

యూరప్ నుంచి వచ్చే కొన్ని పేస్టుల్లో బిటుమెన్, అంటే తారు జాతి పదార్థం ఉంటుంది. దాని గోధుమ వన్నె చాలా అందంగా ఉంటుంది, కాని అది పూర్తిగా గట్టిపడే స్వభావం గలది కాదు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్ చిత్రకారులు తమ తైలవర్ణ చిత్రాల్లో దానిని ధారాళంగా వాడగా, తరువాతి కాలంలో ఆ చిత్రాలు నల్లబడి, మొసలి చర్మంలా పగుళ్ళిచ్చాయి. చిన్న పెట్టెకు పలచని పూతగా వాడితే ఇబ్బంది లేదు. మందంగా మాత్రం వద్దు.

పేస్టు అన్ని చోట్లా సమానంగా పూస్తున్నాను, అయినా వస్తువు పాతదిలా కాక మురికిదిలా కనబడుతోంది. కారణం ఏమిటి?

సమానంగా పూయడమే కారణం. పాత వస్తువు ఎక్కడా సమానంగా పాతబడదు. చేయి తగిలే చోట అరుగుతుంది, చేయి చేరని చోట మురికి పడుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న విశాలమైన భాగం దాదాపు మొదట ఉన్నట్టే, రంగు కాస్త మందగించి ఉంటుంది.

తాతల నాటి భోషాణం ఇంకా ఇంట్లో ఉన్నవారు పేస్టు డబ్బా మూత తీసేముందు ఆ భోషాణం మూతను పరిశీలించాలి. గొళ్ళెం చుట్టూ అరచేయి పడే మేర చెక్క నున్నబడి లేతగా మెరుస్తూ ఉంటుంది. గొళ్ళేన్ని బిగించిన మేకుల తలల చుట్టూ మాత్రం సన్నని నల్లని వలయం కనిపిస్తుంది, ఎందుకంటే తుడిచే గుడ్డ అక్కడిదాకా చేరదు. మూత ముందు అంచు అరిగి గుండ్రబడుతుంది. బందులున్న వెనుక అంచు చేసిననాటి పదునుతోనే ఉంటుంది. అడుగున, నేల కడిగినప్పుడు నీళ్ళు తగిలిన ఎత్తు వరకు, ఒక ముదురు చార ఉంటుంది. దీపం పెట్టే గూటినైతే మరోలా చూడాలి: అక్కడ మసి పైకప్పుకు, నూనె జిడ్డు కింది అంచుకు పడతాయి, పక్క గోడలు కాస్త శుభ్రంగానే ఉంటాయి. గడపకు పసుపు మరక పైభాగాన దట్టంగా ఉండి, పాదం పడే మధ్యభాగంలో పలచబడుతుంది.

కనుక మీరు చేస్తున్న పెట్టెను ఎవరు ఎలా తెరుస్తారో, ఎక్కడ పట్టుకుంటారో ముందుగా ఊహించుకోండి. తెరిచే చోట తుడవండి, మూలల్లో వదలండి. నాలుగు అంచులూ ఒకే కొలతలో గీకి, నాలుగు మూలలూ ఒకే రకంగా నల్లబరచిన పెట్టెలు ఆన్‌లైన్ దుకాణాల్లో కోకొల్లలు; వాటిని చూసి నేర్చుకోవద్దని మా మనవి.

ఏ రంగు మీద ఏ పేస్టు వాడాలి?

ఎరుపు, పసుపు, కాషాయం, గోధుమ వంటి వేడి రంగుల మీద బర్న్ట్ అంబర్ చక్కగా కుదురుతుంది. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల మీద అదే పేస్టు తుప్పు మరకలాంటి ఎర్రదనం తెస్తుంది. అక్కడ రా అంబర్ వాడాలి. తెలుపు మీద రెండూ పనిచేస్తాయి గాని ఫలితం వేరు: బర్న్ట్ అంబర్‌తో టీ ఒలికిన కాగితపు వన్నె వస్తుంది, రా అంబర్‌తో దుమ్ము పట్టిన సున్నపు గోడ వన్నె వస్తుంది. బంగారు, ఇత్తడి, వెండి రంగుల మీద నలుపులో కొంచెం బర్న్ట్ అంబర్ కలిపి వాడండి. ఒట్టి నలుపు పెట్టిన బంగారు రంగు నిర్జీవంగా ఉంటుంది. ముదురు చెక్కలో నార గీతలు తేలాలంటే తెల్ల మైనం.

ఎం.డి.ఎఫ్. పలక మీద మొదటినుంచి చివరివరకు పని ఎలా చేయాలి?

ముందుగా పలకను 220 నంబరు గరుకు కాగితంతో తేలికగా రుద్ది, పొడిని తడి గుడ్డతో తుడవాలి. ఎం.డి.ఎఫ్. ముఖభాగం కంటే కోసిన అంచులు నీటిని ఎక్కువగా పీల్చి ఉబ్బుతాయి గనుక అంచులకు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) రెండు పూతలు, ముఖానికి ఒక పూత వేయండి. ప్రైమర్ ఆరాక మరొకసారి రుద్దండి.

ఆ తరువాత ముదురు గోధుమ ఆక్రిలిక్ రంగును పలకంతా ఒక పూత వేయాలి. ఇది పైకి కనబడని పూతే అయినా దీని ప్రయోజనం చాలా ఉంది: అంచులు అరగదీసినప్పుడు ఎం.డి.ఎఫ్. అట్ట రంగు కాక, పాత చెక్కను తలపించే ముదురు వన్నె బయటపడుతుంది. అది ఆరాక, పెచ్చులూడినట్టు కనబడాలనుకున్న చోట్ల కొవ్వొత్తితో గీయండి. అప్పుడు పై రంగు రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, 320 నంబరు కాగితంతో అంచులు రుద్దితే మైనం ఉన్న చోట రంగు పొరలుగా లేచిపోతుంది. మిగిలిన మైనపు తునకలను చాకు వీపుతో గీకి, పొడి గుడ్డతో గట్టిగా తుడవాలి.

అంచులు అరగదీసే ఈ పనిని పేస్టు పూయడానికి ముందే ముగించాలి. పేస్టు తరువాత అరగదీస్తే అంచుల్లో తాజా, శుభ్రమైన రంగు బయటపడుతుంది. పాత వస్తువుకు ఎక్కడా తాజా గాయం ఉండదు. చాలామంది పనిలో లోపం ఇక్కడే దొరుకుతుంది.

ఒక రోజు ఆరనిచ్చి, మెరుపు తక్కువగా ఉండే నీటి వార్నిష్ ఒక పలచని పూత వేయండి. ఈ పూత లేకపోతే రంగు పేస్టును పీల్చేసుకుని తుడిచినా వదలదు. వార్నిష్ ఆరాక పేస్టును ముందు పలక అడుగుభాగాన పరీక్షించి, ఆ తరువాత అరచేయంత మేర మాత్రమే గట్టి వెంట్రుకల కుంచెతో గుండ్రంగా తిప్పుతూ పట్టించండి. మైనం పేస్టయితే రెండు నుంచి ఐదు నిమిషాలు ఆగి, ఆక్రిలిక్ పేస్టయితే అసలు ఆగకుండా, గుడ్డతో తుడవండి. మొదటి తుడుపు గీతలకు అడ్డంగా సాగాలి, లేకపోతే గీతల్లో ఉండవలసిన పేస్టు గుడ్డకు వచ్చేస్తుంది. రెండో తుడుపు, గుడ్డ శుభ్రమైన వైపుతో, మధ్య భాగం నుంచి అంచుల వైపుకు సాగాలి. ఒక భాగం పూర్తయ్యాక పక్క భాగానికి వెళ్ళేటప్పుడు రెండింటి సరిహద్దు కలిసేలా చూసుకోండి.

తుడవడానికి ఎటువంటి గుడ్డ మంచిది?

చాలాసార్లు ఉతికిన నూలు గుడ్డ: పాత బనియను, పాత పంచె. కొత్త గుడ్డ నూగు వదులుతుంది, పాలిస్టర్ గుడ్డ పేస్టును పీల్చదు. టిష్యూ కాగితం చెక్కుడు పనిలో చిరిగి ముక్కలు చిక్కుకుంటాయి. లోతైన చెక్కుడులోకి పేస్టు తోయడానికి వాడేసిన టూత్‌బ్రష్, అందులోంచి కొద్దిగా తీయడానికి అగ్గిపుల్లకు చుట్టిన దూది చాలు.

పేస్టు మరీ నల్లగా పడింది. సరిచేయడం సాధ్యమేనా?

మైనం పేస్టయితే సులువు. రంగులేని మైనాన్ని గుడ్డకు తీసుకుని అదే చోట రుద్దండి. కొత్త మైనం పాత మైనాన్ని మెత్తబరచి తనతో తెచ్చేస్తుంది. అది చాలకపోతే గుడ్డకు టర్పెంటైన్ చుక్క అద్ది, పిండి, ఒక్కసారి తుడవండి. నూనె పేస్టుకు కూడా ఆరకముందు ఇదే మందు. ఆక్రిలిక్ పేస్టును తడి గుడ్డతో మొదటి కొద్ది నిమిషాల్లో తీయగలిగితే తీయాలి. ఆ తరువాత స్పిరిట్‌తో కరిగించబోతే కింది రంగు కూడా కరుగుతుంది. అప్పుడు చేయగలిగిందల్లా కింది రంగునే కాస్త నీరు కలిపి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే తిరిగి రుద్దడం. నిజానికి ఇలా సరిదిద్దిన పని కొన్నిసార్లు మొదట అనుకున్నదానికంటే బాగుంటుంది, ఎందుకంటే పొరలు పెరిగాయి.

అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా పడితే మాత్రం దోషం పేస్టుది కాదు. కింద వార్నిష్ అందని చోట్లు పేస్టును తాగేశాయి.

క్లేతో చేసిన విగ్రహం పాత ఇత్తడి విగ్రహంలా కనబడాలంటే ఏం చేయాలి?

మన ఇళ్ళలో ఇత్తడి విగ్రహాలను చింతపండుతో తోముతారు. అందుచేత అవి మ్యూజియంలోని కంచు విగ్రహాల్లా అంతటా నల్లబడవు. ముక్కు కొన, మోకాళ్ళు, బొజ్జ, కిరీటపు అంచు తోముడుకు అరిగి లేత పసుపుగా మెరుస్తాయి. చెవుల వెనుక, హారాల సందుల్లో, పీఠం చెక్కుడులో నలుపు నిలిచిపోతుంది. ఆ సందుల్లో ఎండిన కుంకుమ, చింతపండు పిప్పి కలిసి గట్టిపడిన ఎర్రటి గోధుమ మడ్డి కూడా కొద్దిగా ఉంటుంది. చూసేవారు ఇది పాత విగ్రహమేనని నమ్మేది చాలావరకు ఆ మడ్డిని బట్టే.

క్లే పూర్తిగా ఆరాక నలుపు లేదా ముదురు గోధుమ రంగు వేయండి. దాని మీద ఇత్తడి రంగు రెండు పలచని పూతలు, ఆపైన ఒక పూత వార్నిష్. నలుపు, బర్న్ట్ అంబర్ కలిపిన పేస్టును విగ్రహమంతా పట్టించి, తోమేటప్పుడు చేయి ఎటు కదులుతుందో అటే తుడవండి. చివరగా బంగారు మైనాన్ని వేలికొసకు అతి తక్కువగా తీసుకుని, ముందు కాగితం మీద రుద్ది, మిగిలినదానిని ఎత్తైన చోట్ల మాత్రం తాకించండి. హారాల సందుల్లో ఎర్ర సింధూరపు వన్నె పేస్టు రెండు మూడు చోట్ల పెడితే చాలు.

చిలుము పట్టిన రాగిలా ఆకుపచ్చ వన్నె ఎలా తేవాలి?

రాగి రంగు మీద ముదురు పేస్టు పని ముగించి, అది ఆరాక, తెలుపు కలిపిన నీలి ఆకుపచ్చ ఆక్రిలిక్ రంగును నీళ్ళలా పలచబరచి సందుల్లోకి జారవిడవండి. చిలుము తేమతో పుడుతుంది గనుక నీరు నిలిచే చోట, నీరు కారే దారిలో ఉండాలి. కుంచెతో గీసినట్టు కాక, దానంతట అదే కిందికి కారనివ్వండి. నిజమైన రాగి పాత్రల మీద రసాయనాలతో చిలుము తెప్పించే పద్ధతులూ ఉన్నాయి, కాని చిలుము విషం. తాగడానికి, వండడానికి వాడే పాత్రల జోలికి పోవద్దు.

రంగు పగిలినట్టు కనబడే పనిలో పేస్టు పాత్ర ఏమిటి?

పగుళ్ళు తేవడం ఒక పని, అవి కంటికి ఆననివ్వడం మరొక పని. రెండోది పేస్టు చేస్తుంది. పగుళ్ళు తేవడానికి తెల్ల జిగురు చాలు: ముదురు రంగు పూత ఆరాక, ఫెవికాల్ వంటి జిగురు ఒక పొర వేసి, అది తాకితే అంటుకునే దశలో ఉండగానే లేత ఆక్రిలిక్ రంగును ఒకే దిశలో, తిరిగి కుంచె పెట్టకుండా వేయాలి. పైపొర త్వరగా ఆరి కుంచించుకుపోగా, కింద ఇంకా మెత్తగా ఉన్న జిగురు జరిగి పైపొరను చీలుస్తుంది. జిగురు మందంగా ఉంటే పెద్ద పగుళ్ళు, పలచగా ఉంటే సన్నని పగుళ్ళు. అంతా ఆరాక వార్నిష్ వేసి, పేస్టు రుద్ది తుడిస్తే ప్రతి పగులూ గీసినట్టు తేలుతుంది. పెట్టె అంతటా పగుళ్ళు పెట్టడం కంటే, ఎండ తగిలే వైపున మాత్రమే పెట్టడం నమ్మశక్యంగా ఉంటుంది.

పేస్టు మీద వార్నిష్ వేయాలా?

ఆక్రిలిక్ పేస్టు మీద తప్పక వేయాలి. నూనె పేస్టు పూర్తిగా ఆరాక వేయవచ్చు. మైనం మీద వేయకూడదు. నీటి వార్నిష్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, నూనె వార్నిష్ సరిగా ఆరదు. మైనం గంటలోపే చేతికి ఆరినట్టున్నా, లోపలి ద్రావకం పూర్తిగా పోయి గట్టిపడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు దాని మీద పూలకుండీ వంటి బరువు పెట్టకండి. తడి తగిలే వస్తువుకు, బయట తలుపుకు తగిలించే నేమ్‌ప్లేటుకు మైనం పేస్టు ఎంచుకోకపోవడమే సబబు.

మన ఎండలకు, వానలకు ఈ పని నిలుస్తుందా?

తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, కాని 35 డిగ్రీలకే చేతికి మెత్తబడుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం పడమటి గోడకు వేలాడే ఫ్రేము మీద మైనం మెత్తబడి దుమ్మును పట్టుకోవడంలో వింత లేదు. 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరిగే కార్నుబా మైనం కలిసిన పేస్టు ఇక్కడి వేసవికి బాగా ఆగుతుంది; కొనేటప్పుడు డబ్బా మీద ఆ పేరు ఉందేమో చూడండి.

కోస్తా జిల్లాల వానాకాలం మరో తంటా. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు స్పిరిట్ పాలిష్ గాని, లాకర్ గాని వేస్తే పూత మీద తెల్లని పొగలాంటి మబ్బు కమ్ముతుంది. అవిసె నూనె ఉన్న పేస్టు మీద బూజు కూడా పట్టవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో రంగు పని చేసుకుని, పొడిగా ఎండ కాసిన రోజుకు చివరి పూతలు మిగుల్చుకోండి.

ఇంట్లోనే పేస్టు తయారుచేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. 50 గ్రాముల తేనెమైనాన్ని కొబ్బరి కోరుతో సన్నగా తురిమి, గాజు సీసాలో వేసి, 100 నుంచి 150 మిల్లీలీటర్ల టర్పెంటైన్ పోసి, మూత బిగించి ఒక రోజు ఉంచితే మైనం దానంతట అదే నాని వెన్నలా అవుతుంది. అందులో బర్న్ట్ అంబర్ నూనె రంగు ట్యూబు నుంచి కొంచెం కొంచెంగా కలుపుతూ కావలసిన ముదురు తెచ్చుకోండి. మైనాన్ని పొయ్యి మీద కరిగించి టర్పెంటైన్ కలపమని చెప్పే వీడియోలను పాటించకండి. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల దగ్గరే మంటను అందుకుంటుంది. మన వేసవిలో గది వేడిమే అంత ఉంటుంది. ఆ కోరును తిరిగి వంటింట్లోకి తేవద్దు.

నీటి పేస్టు ఇంకా తేలిక: ఒక వంతు బర్న్ట్ అంబర్ ఆక్రిలిక్ రంగుకు మూడు వంతులు గ్లేజింగ్ మీడియం, అంటే రంగును పలచగా, పారదర్శకంగా చేసే ద్రవం. త్వరగా ఆరకుండా ఉండాలని గ్లిజరిన్ కలిపేవారున్నారు. రెండు చుక్కలయితే సరే, అంతకు మించితే అది గాలిలోని తేమను లాక్కుని నెలల తరబడి జిగటగా ఉంటుంది.

పేస్టు లేకుండా చెక్కను పాతబరచే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది, దాని సూత్రం శ్రీకాళహస్తి కలంకారీలోనూ కనబడుతుంది. అక్కడి కళాకారులు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి, తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంతో గీతలు గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి నలుపు పుడుతుంది. చెక్క మీద కూడా ఇదే జరుగుతుంది.

తుప్పు మేకులను తెల్ల వెనిగర్‌లో వేసి, వాయువు పోయేలా మూత వదులుగా పెట్టి, వారం రోజులు ఉంచండి. గిన్నెలు తోమే స్టీల్ పీచు తుప్పు పట్టదు గనుక ఇందుకు పనికిరాదు. తుమ్మ వంటి టానిన్ ఎక్కువగా ఉన్న చెక్క మీద ఈ ద్రవం పూస్తే క్షణాల్లో బూడిద నలుపు వస్తుంది. ప్యాకింగ్ పెట్టెల లేత చెక్కకైతే ముందు కరక్కాయ పొడి మరిగించి వడకట్టిన నీటిని పూసి ఆరనివ్వాలి. ఇది చెక్క నారలోకి దిగే రంగు. పేస్టులా పైన కూర్చునేది కాదు, తరువాత తుడిచివేయలేము. ఎం.డి.ఎఫ్. మీద మంచి ఫలితం రాదు. చేతి తొడుగులు వేసుకోకపోతే గోళ్ళు కూడా కలంకారీ అవుతాయి.

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద పేస్టు వాడవచ్చా?

వాడవద్దనే చెబుతాము. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను తిప్పి లక్క పట్టించినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది గనుక స్పిరిట్ కలిసిన ఏ ద్రవం తగిలినా మెరుపు పోతుంది. కొండపల్లి బొమ్మకు వాడే తెల్ల పొణికి చాలా తేలికైన, పీల్చే గుణం గల చెక్క. రంగు చెదిరిన చోట పేస్టు లోపలికి ఇంకి మచ్చ పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ బొమ్మల అందం కొత్తదనంలోనే, నిగనిగలాడే రంగులోనే ఉంది.

నిజంగా పాతదైన వస్తువుకు పేస్టు పూసి మెరుగుపరచవచ్చా?

పాతదానికి అప్పటికే ఉన్న వయసును కప్పిపుచ్చడమే అవుతుంది. దుమ్ము దులిపి, పొడి గుడ్డతో తుడిచి, చెక్క మరీ ఎండిపోయి ఉంటే రంగులేని మైనం పలచగా పట్టించండి. పాత రంగు వేసిన తలుపులు, కిటికీలు తెచ్చుకుని అద్దాల ఫ్రేములుగా మార్చేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల వంతుల్లో 90 వంతులకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. అటువంటి రంగును పొడిగా గీకకండి, తడిపి గీకండి, పిల్లలను దూరంగా ఉంచండి.

పని ముగిశాక గుడ్డలు ఏం చేయాలి?

అవిసె నూనె ఉన్న పేస్టు తుడిచిన గుడ్డలను ముద్దచేసి చెత్తబుట్టలో పడేయకూడదు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. ముద్దలో ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకోవచ్చు. ఒక్కొక్కటిగా ఆరుబయట పరచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో ముంచి మూత పెట్టండి. పని చేస్తున్నంతసేపు కిటికీలు తెరిచి ఉంచాలి, ఎం.డి.ఎఫ్. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు అవసరం.

పూజా సామగ్రికి, వంటింటి వస్తువులకు వాడవచ్చా?

పూజ గది తలుపుకు, పీటకు, గోడకు తగిలించే గంటల పట్టీకి వాడవచ్చు. దీపపు కుందికి, హారతి పళ్ళేనికి వద్దు. మైనం మంటకు దగ్గరగా ఉండకూడదు. ప్రసాదం, తినే పదార్థం నేరుగా తాకే ఏ పాత్ర లోపలి భాగానికీ పూయకండి. పోపుల పెట్టె పైమూతకు బయటివైపు మాత్రం అభ్యంతరం లేదు.

ఇలా చేసిన వస్తువులను అమ్మవచ్చా? విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపవచ్చా?

పాతదనం కనబడేలా చేసిన కొత్త వస్తువని చెప్పి అమ్మడంలో తప్పు లేదు. పాతదని చెప్పి అమ్మితే మోసం. అడుగుభాగాన మీ పేరు, చేసిన సంవత్సరం చెరగని సిరాతో రాసి, దాని మీద వార్నిష్ వేయడం మంచి అలవాటు.

విదేశాలకు పంపేటప్పుడు దీని అవసరం మరింత కనబడుతుంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని శిల్పాలు, కళాకృతుల వంటివి పురావస్తువుల కిందికి వస్తాయి, రాతప్రతులకైతే 75 ఏళ్ళు చాలు. వీటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మీ క్లే విగ్రహం పాత కంచు విగ్రహంలా కుదిరితే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారులకు సందేహం కలగవచ్చు. అటువంటి వస్తువు పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. పెద్ద విగ్రహాలు పంపేవారు ముందుగానే దానికి దరఖాస్తు చేసుకోవడం మేలు. చిన్న పెట్టెలకు, ఫ్రేములకు అడుగున రాసిన సంవత్సరం, తయారీ దశల్లో తీసిన నాలుగు ఫొటోలు వెంట ఉంచుకోండి.

తరువాత శుభ్రం చేయడం ఎలా?

పొడి కుంచెతో దులపండి. తడి గుడ్డ వార్నిష్ వేసిన పనికి మాత్రమే. మైనం వేసిన వస్తువు మెరుపు తగ్గితే ఏడాదికొకసారి రంగులేని మైనం బఠాణీ గింజంత తీసుకుని పట్టించి, పదిహేను నిమిషాలాగి, మెత్తని గుడ్డతో రుద్దండి. ఫర్నిచర్‌కు వాడే స్ప్రేలు, ఫినైలు కలిపిన నీళ్ళు వాడితే సందుల్లో ఉన్న పేస్టు కరిగి చారలు పడుతుంది.